ఒక్క మాట మిగిలిన అద్దం

గాదె నిండా ధాన్యం ఉండి కూడా జనం పస్తులున్న రాజ్యం ఒకటుండేది. దాని పేరు కంకులదుర్గం. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అయినా మొదట ఎవరూ భయపడలేదు. కోట పక్కన రాజుగారి పెద్ద గాదె ఉంది, అందులో మూడేళ్ల పంట ఉంది. చిక్కల్లా దాని తలుపుతోనే వచ్చింది.

ఆ తలుపుకు తాళంచెవి లేదు. ఉత్తరాన అద్దాల కొండ మీద దర్పణసిద్ధుడనే మాంత్రికుడు ఉండేవాడు. అతను అరచేతంత మాయ అద్దాలు చేసి రాజ్యమంతా పంచిపెట్టాడు. అద్దంతో మాట్లాడితే ఆ మాటలు దాచిపెడుతుంది. తలుపు అప్పగిస్తే కాపలా కాస్తుంది. జనం మురిసిపోయారు. పోనుపోను ఆ అద్దాలే మనుషుల్ని సతాయించడం మొదలుపెట్టాయి. అమావాస్య అమావాస్యకూ వాటంతటవే కొత్తబడేవి. నిన్న కుడిపక్కన ఉన్నది ఇవాళ ఎడమపక్కన కనిపించేది. మాటిమాటికీ రహస్యపు మాట అడిగేవి. నోరు తిరిగే మాట పెడితే తేలిక మాట పనికిరాదనేవి. కష్టమైనది పెట్టుకుంటే పెట్టినవాళ్లకే గుర్తుండేది కాదు.

"నా మేకల పేర్లన్నీ అయిపోయాయే తల్లీ! కొత్త మాట కోసం కొత్త మేకను కొనమంటుందా ఏమిటి ఈ మాయదారి అద్దం?" అని అక్కమ్మవ్వ వీధిలో నిలబడి దులిపేసేది.

గాదె తలుపు కాసే అద్దం మాత్రం ధాన్యం కొలిచే వెంగమాంబ చేతిలో ఉండేది. చైత్రమాసంలో జ్వరం వచ్చి వెంగమాంబ కన్నుమూసింది. రహస్యపు మాట ఆమెతోనే పోయింది.

ఆమె భర్త బసవన్న బుట్టలు అల్లేవాడు. కూతురు చెంగావికి పన్నెండేళ్లు. చివరి రోజుల్లో వెంగమాంబ అద్దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ ఇద్దరికీ చెప్పాలనుకున్నవన్నీ అందులో దాచింది.

"ఇప్పుడే వినకండి. మీరు ఏడిస్తే నాకు ముద్ద దిగదు," అని నవ్వింది.

"మరి రహస్యపు మాట ఏం పెట్టావే?" అని బసవన్న అడిగాడు.

"పిల్ల పేరు. దాని పక్కన మన పిల్లల లెక్క. అదీ తెలియకపోతే నువ్వేం తండ్రివి?"

మైల తీరాక బసవన్న అద్దం ముందు కూర్చుని, "చెంగావి, ఒకటి," అన్నాడు.

"తప్పు. ఇంకా రెండు మాటలు మిగిలాయి," అంది అద్దం.

బసవన్న మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. చెంగావికి ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. తల్లి కదా, వాళ్లనూ లెక్కలో వేసుకుందేమో. "చెంగావి, మూడు," అన్నాడు.

"తప్పు. ఇంకొక్క మాట మిగిలింది. అదీ తప్పితే నేను రాయినవుతాను. తలుపు ఇక ఎన్నటికీ తెరుచుకోదు."

ఆ తర్వాత ఎవరూ ఆ అద్దం ముందు నోరు విప్పలేదు. రాజు పృథుసేనుడు గొడ్డళ్లతో తలుపు కొట్టించాడు, గొడ్డళ్లే మొద్దుబారాయి. ఏనుగులతో పొడిపించాడు, ఏనుగులే అలిసిపోయాయి. కొండకు పంపిన సైనికులు నీరసించి తిరిగొచ్చి, "వరుసలో ఉండమన్నారు ప్రభూ," అన్నారు. ఆషాఢం వచ్చేసరికి ఊళ్లో పిల్లలు ఆడుకోవడం మానేసి అరుగుల మీద పడుకోసాగారు.

"నేను వెళ్తాను మహారాజా," అంది చెంగావి. "అది మా అమ్మ అద్దం."

ఇంట్లో మిగిలిన పేలాలన్నీ బసవన్న ఒక చిన్న బుట్టలో పోసి, అద్దంతో పాటు కూతురికి ఇచ్చాడు. తనకు కొంచెం ఉంచుకోమంటే, తిన్నానని అబద్ధమాడాడు.

మూడు రోజులు అడవిలో నడిచాక చెంగావికి ఒక పెద్ద ద్వారం కనిపించింది. దాని మీద రామచిలుక కూర్చుని ఉంది.

"తమ రాక మాకు పరమానందం!" అంది చిలుక. "దారి తప్పితే ఒకసారి ఈల వేయండి. అద్దం పగిలితే రెండుసార్లు ఈల వేయండి."

"దారీ తప్పలేదు, అద్దమూ పగల్లేదు. మా అమ్మ చనిపోయింది. ఆమె మాట మాకు తెలియదు."

"మహదానందం! ఇంకేమైనా కావాలా?"

"ఆనందమేమిటి? అమ్మ చనిపోయిందంటుంటే!"

"తమ కష్టం మా కష్టం! దారి తప్పితే ఒకసారి..."

చెంగావి చెవులు మూసుకుని ద్వారం కింద కూలబడింది. పొద్దెక్కే దాకా చిలుక అదే పాట పాడుతూనే ఉంది. అప్పుడు గమనించింది చెంగావి, దాని గొంతు బొంగురుపోయి ఉందని. లేచి, దొన్నెలో వాగునీళ్లు పట్టి పైకి అందించింది. చిలుక ఆత్రంగా తాగి, రెక్కలు ముడుచుకుని, మొదటిసారి తన సొంత గొంతుతో మాట్లాడింది.

"ఏమనుకోకు పాపా. నాకు నేర్పినవి ఆ నాలుగు మాటలే. వచ్చినవాళ్లంతా తిట్టిపోతారు, దాహమేస్తోందా అని అడిగినవాళ్లు లేరు. ఆ ఈతపొద వెనక చిన్న తలుపుంది. దానికి గడియ లేదు, వెళ్లు."

చిన్న తలుపు దాటితే కొండ మొదలు. అక్కడ సందేహాసురుడనే రాక్షసుడు దారికి అడ్డంగా కూర్చుని, తొమ్మిది రాతిపలకలు పరిచాడు.

"ఓసి పిల్లా! నువ్వు మనిషివో, మరబొమ్మవో తేలాలి. వీటిలో పడవ బొమ్మ ఉన్న పలకలు తాకు."

చెంగావి నాలుగు పలకలు తాకి, ఐదోదాని దగ్గర ఆగిపోయింది.

"తాతా, ఈ పలక అంచున తెడ్డు మొన ఒక్కటే కనిపిస్తోంది. దీన్ని పడవ అనాలా, వద్దా?"

"నన్నడుగుతావేం? పరీక్ష నీకు!"

"పడవ అంటే తప్పవుతుందేమో. కాదంటే, ఆ తెడ్డు పట్టుకున్నవాడు నీళ్లలో ఉన్నట్టే కదా, పాపం."

రాక్షసుడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు కొండరాళ్లు దొర్లాయి. "మరబొమ్మలు ఇక్కడ రెప్పపాటు కూడా ఆగవే! ఈ తెడ్డు దగ్గర తలగోక్కునేది మనుషులే. ఆ పాపం అనే మాట మాత్రం నేనూ ఇవాళే విన్నాను. పద!" అంటూ భుజం మీద ఎక్కించుకుని మెట్ల దగ్గర దింపాడు.

ఆ మెట్లు నిటారుగా ఉన్నాయి. ఊపిరి తప్పకుండా ఉండడానికి చెంగావి వాటిని లెక్కపెడుతూ ఎక్కింది. లాభం, రెండు, మూడు, నాలుగు... గాదె దగ్గర అమ్మ లెక్క చెబుతుంటే తను కుంచం పట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. మూడు వందలు దాటాక కళ్లు మసకబారి లెక్క తప్పింది.

కొండ మీది గుహలో దర్పణసిద్ధుడు ఒక్కడే ఉన్నాడు. తెల్లటి గడ్డం, వణికే చేతులు. అమ్మాయి మొహం చూడగానే ఏమీ అడగకుండా వేడి గంజి ముందు పెట్టాడు. ఆమె తాగేదాకా ఆగి, అద్దాన్ని తిప్పితిప్పి చూశాడు.

"దీన్ని నేనూ తెరవలేను తల్లీ. దొంగల భయంతో తలుపు మీద తలుపు బిగించుకుంటూ పోయాను. చివరికి చేసినవాడికి కూడా దారి మిగల్లేదు."

గోడకు నల్లబడిన అద్దం ఒకటి వేలాడుతోంది. దాని మీద మాత్రం దుమ్ము లేదు.

"అది ఎవరిది తాతా?"

"మా ఇంటిదాని పాట ఉంది అందులో. నాకూ ఒక్క మాటే మిగిలింది. పన్నెండేళ్లయింది, చెప్పడానికి ధైర్యం చాలడం లేదు." అతను చిన్న బుడ్డి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఈ నీళ్లతో కడిగితే నీ అద్దం కొత్తదవుతుంది. నీ చెయ్యి తగలగానే తలుపు తెరుచుకుంటుంది. కాని లోపలున్నవన్నీ పోతాయి. అమ్మ గొంతు కూడా."

తిరుగుదారంతా చెంగావి బుడ్డిని ఒక చేతిలో, అద్దాన్ని మరో చేతిలో పట్టుకుని నడిచింది.

బసవన్న ఊరి పొలిమేరలోనే ఎదురొచ్చాడు. సంగతంతా విని, అద్దాన్ని అందుకుని గుండెకు ఆనించుకున్నాడు.

"అయ్యా, చివరి మాట ఒకటి చెప్పి చూద్దామా?" అంది చెంగావి ఆశగా.

"తప్పితే?"

చెంగావి గాదె దాకా నడిచింది, బసవన్న వెనకే వచ్చాడు. గాదె ముందు గిన్నెలు పట్టుకుని జనం కూర్చుని ఉన్నారు. అక్కమ్మవ్వకు అద్దాన్ని తిట్టే ఓపిక కూడా లేదు.

"మీ అమ్మ ఆ తలుపు దగ్గర పదిహేనేళ్లు నిలబడింది. ఒక్కరిని కూడా ఖాళీ గిన్నెతో పంపలేదు," అన్నాడు బసవన్న. "కడిగేయమ్మా. నా చేతులు ఆడవు. నువ్వే కడుగు."

చెంగావి కడిగింది. అద్దం లోపల ఎక్కడో ఒక నిట్టూర్పులాంటిది వినిపించి ఆగిపోయింది. ఆమె అరచెయ్యి తగలగానే గాదె తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. ధాన్యం వాసన బయటికి వచ్చింది. ఆ వాసన అమ్మ చీరది.

రాజు స్వయంగా కుంచం తెచ్చి ఇచ్చాడు. చెంగావి తన తల్లి నిలబడే చోట నిలబడి, మొదటి కుంచం నింపి, అక్కమ్మవ్వ గిన్నెలో పోస్తూ గట్టిగా అంది:

"లాభం!"

అక్కడితో ఆమె చెయ్యి ఆగిపోయింది. ధాన్యం కొలిచేవాళ్లు తొలి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. వెంగమాంబ గింజలనే కాదు, బుట్టల్నీ, అట్లనూ, అడుగుల్నీ అలాగే లెక్కపెట్టేది. ఉన్న ఒక్క పిల్లనూ అలాగే లెక్కపెట్టి ఉంటుంది. చెంగావి, లాభం. ఆ మాట కొండమెట్ల మీద కూడా చెంగావి నోట్లోనే ఉంది.

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయనకూ అర్థమైంది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి తువ్వాలు తీసి, కూతురి పక్కకు వచ్చి కుంచం అంచు పట్టుకున్నాడు.

"చెప్పమ్మా," అన్నాడు. "జనం ఆకలి మీద ఉన్నారు."

"రెండు," అంది చెంగావి. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, కాని ఈసారి చెయ్యి ఆగలేదు. "మూడు... నాలుగు..."

పొద్దుగుంకేసరికి ఊరంతా పొయ్యిలు వెలిగాయి. రాజు చెంగావిని గాదెకు అధికారిణిని చేశాడు. ఏ తలుపు మాటా ఒక్కరి దగ్గరే ఉండకూడదనీ, ముగ్గురికి తెలిసి ఉండాలనీ చాటింపు వేయించాడు. వానలు పడ్డాక కొండ మీంచి ఒక ముసలాయన దిగివచ్చి, వరుసలో నిలబడి, ఆమె లెక్క చెబుతుంటే వింటూ చాలాసేపు ఉండిపోయాడట.

ఆనాటి నుంచీ కంకులదుర్గంలో, గింజలైనా, మేకలైనా, కడుపున పుట్టిన పిల్లలైనా, ఎవరూ ఒకటి అని లెక్క మొదలుపెట్టరు.