వాసన రాని డ్రమ్ము

డెలానీపూర్ లాబ్‌లో సైంటిస్టు గోపినాథ్ కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయాడు. గది నిండా కుళ్ళిన గుడ్ల కంపు.

చీఫ్ సత్యారావు బ్రీఫింగ్ రెండే నిమిషాలు. సముద్రం మధ్య ఆయిల్ రిగ్ కింద తారులాంటి ముడిచమురుంది. చచ్చినా కదలదు. గోపినాథ్ పెంచిన బాక్టీరియాని బావిలోకి పంపితే చమురు పలచబడి పైకొస్తుంది. విదేశీ ముఠా ఆ బాక్టీరియా ఉన్న డ్రమ్ముని మార్చేసింది. కొత్త డ్రమ్ములోది విషవాయువు పుట్టించే రకం. అది బావిలో పడితే పైకొచ్చే ప్రతి బుడగా విషమే. మొదట కంపు. తర్వాత ముక్కు చస్తుంది. ఆ తర్వాత మనిషి.

"కంపు ఆగిందంటే బాగుపడిందనుకోకు. నీ పని అయిపోయినట్టే," అన్నాడు ఏజెంట్ పైడిరాజుతో.

పైడిరాజు వంటవాడి వేషంలో రిగ్ ఎక్కాడు. దీవుల్లోని రంగత్‌లో పుట్టినవాడు, తుఫానుకి జడిసే రకం కాదు. గాలి పీల్చడానికి జడవడం ఇదే మొదలు. రిగ్ మీద ముప్ఫై నలుగురున్నారు. అందులో ఒకడు అతని సొంత తమ్ముడు బాబ్జీ.

పంప్‌రూమ్‌లో నీలం డ్రమ్ము, టైమర్, పక్కన సుచరిత. నాలుగేళ్ళుగా మన ఏజెంటే. అందగత్తె మొహానికి ఇవాళ గ్యాస్ మాస్క్. పైడిరాజు కోడ్‌వర్డ్ చెప్పాడు. జవాబుగా పిస్టల్ లేచింది.

"లేటయ్యావు భయ్యా. వారం రోజులు డాలీగంజ్‌లో నా అద్దింటి పెరట్లోనే ఉందిది. ఇంకా పది సెకన్లు."

వెనక తలుపు తెరిచే ఉంది. పారిపోవాలనిపించింది. కాళ్ళు రాలేదు. టైమర్ మీద ఒకటి పడగానే కళ్ళు మూసుకుని డ్రమ్ము నుంచి బావిలోకి వెళ్ళే గొట్టం పీకేశాడు. ఆ వాయువుకి నిప్పు తగిలితే గదే పేలుతుంది, అందుకే ఆమె కాల్చలేదు. అతను చచ్చేదాకా ఆగింది.

మొహం మీద చల్లగా చిమ్మింది. ఊపిరి పీల్చాడు. కంపు లేదు.

ముక్కు పోయింది, అనుకున్నాడు. లాగు తడిసింది, దేనితో తడిసిందో అతనికే తెలీదు. పడిపోతానని గోడ పట్టుకున్నాడు. పడలేదు.

ఎందుకు పడలేదో సుచరితకీ అంతుపట్టలేదు. మాస్క్ పైకెత్తి వాసన చూసింది. బ్లీచింగ్ పౌడర్. ఆమె తెల్లబోయిన ఆ క్షణంలో పైడిరాజు పిస్టల్ లాక్కున్నాడు.

సాయంత్రం సత్యారావు డాలీగంజ్ వెళ్ళి ఇంటామె గవరమ్మని డ్రమ్ము సంగతి అడిగాడు.

"నాలుగు రోజులకోపాలి కుళాయి వస్తాది బాబూ. ఆ రోజు పెరట్లో డ్రమ్ము ఊరికే ఉంచీస్తామేటి? మా ఇంట్లో అద్దెకున్న దీదీ డ్రమ్ము ఒకటే కంపు. కాలవలో పారబోసీసి, కడిగి, నీళ్ళు పట్టీసినాను. మూత కూడా గట్టిగా బిగించినాను."

ఆ మూత తీసి చూసుకోవడానికి సుచరితకీ భయమే.

గవరమ్మకి మెడల్ ఇవ్వాలని పైవాళ్ళు తీర్మానించారు. మెడల్ వద్దు, కుళాయి రోజూ వదిలితే చాలంది. వాళ్ళు వెంటనే మెడల్ పంపించేశారు.