సూది గారి విలంబకాలం

"ఇక్కడ సూది గారంటే ఎవరండీ?"

ఆ ప్రశ్న వినేసరికి అప్పలసూరి చేతిలోని ప్రూఫు కాగితం అలాగే ఉండిపోయింది. 'కళింగకేక' వారపత్రిక పుట్టిన ఈ నాలుగేళ్లలో విజయనగరంలోని ఆ ప్రెస్సు మెట్లెక్కి, రచయిత ఎవరని వాకబు చేసిన ఆడపిల్ల ఒక్కతీ లేదు. వచ్చేవాళ్లంతా శుభలేఖలు అచ్చువేయించుకోవడానికి వచ్చేవాళ్లే.

అప్పలసూరికి ఇరవై నాలుగేళ్లు. పగలంతా అక్కడ ప్రూఫులు దిద్దుతాడు. వారానికోసారి 'సూది మొన' అనే శీర్షిక కింద, సూది అనే కలంపేరుతో, కొత్త రికార్డుల మీద సమీక్షలు రాస్తాడు. అవి మామూలు రికార్డులు కావు. ఓడలో పనిచేసే బావ గంగులు విశాఖ రేవులో దిగినప్పుడల్లా తెచ్చిపెట్టే లండన్ సరుకు. గిటార్లు గోడలు అదిరేలా మోగే హార్డ్ రాక్. సినిమా హాల్లో అసలు బొమ్మకి ముందు వేసే సంగీత విద్వాంసుల డాక్యుమెంటరీలని కూడా వదలడు. అవి చూసి, అసలు బొమ్మ మొదలయ్యేసరికి లేచి వచ్చేసే మనిషి ఊరు మొత్తానికి అతనొక్కడే. ఈ విద్యలో తనంతవాడు జిల్లాలో లేడని అతని నమ్మకం. నిజం చెప్పొద్దూ, లేడు కూడా. ఆ రికార్డులు విన్నవాడే ఇంకొకడు లేడు మరి.

"నేనేనండి," అన్నాడు కాలరు సర్దుకుంటూ. సంతకం అడుగుతుందేమోనని కలం మూత కూడా తీసి ఉంచాడు.

ఆ అమ్మాయి నీలం వోణీలో ఉంది. ఒక చేతిలో వయొలిన్ పెట్టె. రెండో చేత్తో పత్రిక తీసి బల్ల మీద పరిచింది. అందులో నాలుగు వాక్యాల కింద ఎర్రసిరా గీతలున్నాయి.

"ఇది మీరు రాసిందేనా? 'రస్టీ యాంకర్స్ జట్టు ఈ రికార్డుతో కొత్త దారి తొక్కింది. పాశ్చాత్యులకు ఇన్నాళ్లకు విలంబకాలం, ఆ నింపాది నడక, పట్టుబడింది.'"

"నాదే. బాగుందాండీ?"

"'రెండో వైపు మధ్యలో గాయకుడు నిద్రలేచినవాడిలా శ్రుతి పెంచి పరుగందుకుంటాడు. ఇది మన విద్వాంసులు కూడా చేయని సాహసం.' ఇదీ మీదేనా?"

"ఆ ముక్క రాయడానికి నాలుగు రోజులు పట్టింది."

"అయ్యో పాపం," అంది ఆ అమ్మాయి, నిజంగానే జాలిపడుతూ. "మీరు సమీక్ష రాసింది రికార్డు మీద కాదండి, కరెంటు మీద."

లోపలి గదిలో సంపాదకుడు నరసింగరావు గారు గట్టిగా దగ్గారు. ఆయనకి దగ్గు లేదు. నవ్వొచ్చినప్పుడు మాత్రమే దగ్గుతారు.

"ఏటండీ మీరంటన్నది?" అన్నాడు అప్పలసూరి. కోపం వస్తే చాలు, అతని పుస్తకాల భాష ఎటో పోయి ఊరి మాట వచ్చేస్తుంది.

"నా పేరు నీలవేణి. మాది నరసన్నపేట. ఇక్కడ సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటన్నాను. మీ మేడగదికి ఎదురిల్లే మా అత్తది. వీధి చివర రైసుమిల్లు కూడా మా అత్తదే. మీరు పాటెట్టేది ఎన్ని గంటలకి?"

"ప్రెస్సు కట్టేశాక. పావుతక్కువ ఏడుకి."

"పొద్దున్నపూట?"

"ఏడింటికే ఇక్కడుంటాను."

"ఆదివారం?"

"శ్రీకూర్మం, మా అమ్మ దగ్గరికి పోతాను. ఈ లెక్కలన్నీ దేనికి?"

"అదే సెప్తన్నాను. మిల్లు ఆడినంతసేపూ మన వీధిలో బల్బులు ఎర్రగా మిణుకుమంటాయి. మీ రికార్డు పెట్టె కూడా నీరసంగా తిరుగుతాది. ఏడుంబావుకి మిల్లు కట్టేస్తారు. అప్పటికి మీరు రెండో వైపు మధ్యలో ఉంటారు. కరెంటు పుంజుకుంటాది, మీ గాయకుడు నిద్దర లేస్తాడు. నేను రోజూ సాధన సేసుకుంటూ వింటన్నాను. మిల్లు ఆడుతుంటే రెండు శ్రుతి, ఆగితే రెండున్నర."

"సెవులు మీకొక్కరికే ఉన్నాయేటి?"

"రేపు సాయంత్రం పాటెట్టి కిటికీ తీసి ఉంచండి. సరిగ్గా ఏడింటికి మిల్లు ఆపిస్తాను. మీవాడు పరుగందుకోకపోతే వచ్చేవారం నా పేరెట్టి తిట్టండి. ఇంటిపేరు కావాలంటే అదీ ఇస్తాను."

పత్రిక మడిచి సంచిలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. అప్పలసూరి కలం మూత పెట్టడం మరిచిపోయాడు.

నరసింగరావు గారు బయటికి వచ్చారు. "ఒరే సూరీ, మద్రాసోళ్లు నిన్ను పిలిసింది దేనికిరా?"

అప్పలసూరి చెయ్యి జేబు మీదికి పోయింది. శనివారమే మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి పెద్ద సంగీత మాసపత్రిక సంపాదకుడికి ఈ సమీక్ష తెగ నచ్చింది. 'పాశ్చాత్యుల విలంబకాలం' మీద పెద్ద వ్యాసం రాసి పంపితే ఉపసంపాదకుడి ఉద్యోగం ఖాయమని రాశాడు. ఆ ఉత్తరం అప్పలసూరి జేబులోనే ఉంది. ఈ రెండు రోజుల్లో దాన్ని ఊళ్లో సగంమందికి చదివి వినిపించాడు.

"విలంబకాలానికేనండి," అన్నాడు. "ఆ పిల్ల మాటకేటి, రేపు తేలిపోతాది."

మర్నాడు తేలిపోయింది.

సన్నగా చినుకులు పడుతున్నాయి. బల్బు ఎర్రగా వెలుగుతోంది. అవతల మిల్లు దడదడలాడుతోంది. రికార్డు మీద గాయకుడు ఎప్పటిలాగే ఒక్కొక్క మాటా బరువుగా లాగుతున్నాడు. చూశావా, విలంబం కాక మరేమిటి ఇది అనుకున్నాడు అప్పలసూరి ధీమాగా. గడియారంలో ఏడయింది.

మిల్లు ఆగిపోయింది. బల్బు తెల్లబడింది. గాయకుడు ఒక్క ఊపున లేచాడు.

లేవడమేమిటి, ఆ డ్రమ్ములూ గిటార్లూ ఒకదాన్నొకటి తరుముకుంటూ గదంతా కమ్మేశాయి. విలంబమూ లేదు, పాడూ లేదు. ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు నలుగురు ఒళ్లు తెలియకుండా పరిగెడుతూ వాయించిన పాట అది. తను ఇన్నాళ్లూ విన్నది ఆ పాట కాదు. అప్పలసూరి మంచం మీద కూలబడ్డాడు. సిగ్గుపడాల్సినవాడు కాస్తా, పాట అంత బాగుండడంతో సిగ్గు సంగతే మరిచిపోయాడు.

కిటికీలోంచి చూస్తే, ఎదురింటి వరండాలో నీలవేణి గెడ్డం కింద వయొలిన్ ఆనించుకుని ఉంది. కళ్లు మూసుకుని, రికార్డులో గిటారు వాయిస్తున్న వరసనే తనూ అందుకుని వాయిస్తోంది. కళ్లు తెరిచి అతన్ని చూసి, కమాను ఎత్తి 'ఏటంటారు?' అన్నట్టు ఊపింది. మధ్యలో వాన. అప్పలసూరి గొడుగు కూడా లేకుండా వీధి దాటాడు.

"గెలిచారండి," అన్నాడు తల తుడుచుకుంటూ.

"గెలుపేటి, పాట బాగున్నాది కదా?"

"చాలా బాగుంది. మొదటిసారి విన్నాను."

లోపలినుంచి అత్త సుభద్రమ్మ వచ్చింది. మిల్లు నడిపే మనిషి, గొంతు కూడా మిల్లుకి తగ్గట్టే ఉంటుంది. "బాబూ, మీ ఇద్దరి పందెం కోసం మిల్లు ఆపేసి కూకున్నాను. వడ్ల బళ్లు వానలో నిలబడిపోనాయి. అయిపోయిందా, ఇంకా ఉన్నాదా?"

"ఇంకొక్క పాటుందమ్మా," అన్నాడు అప్పలసూరి.

"ఓలమ్మ, ఈడు మిల్లు మూయించీసేలాగున్నాడే," అంది సుభద్రమ్మ. అన్నది గానీ, ఆ ఒక్క పాట అయ్యేదాకా మిల్లు తిప్పించలేదు.

ఆవిడ లోపలికి వెళ్లాక నీలవేణి గొంతు తగ్గించింది. "మద్రాసు సంగతి నిన్ననే మా కాలేజీలో విన్నాను. నాకు తెలిసుంటే ప్రెస్సుకొచ్చి అందరి ముందూ అలగ అనేదాన్ని కాదు. మీ వ్యాసం మీరు రాసుకోండి. ఈ రికార్డు మద్రాసులో ఎవరి దగ్గరా ఉండదు. నేనెవులకీ సెప్పను."

"నా చోట మీరుంటే ఏం చేసేవారు?"

"నన్నడక్కండి. ఉద్యోగం మీది."

ఆ వారం రోజులూ అప్పలసూరి ఏదో ఒక సందేహం పేరు చెప్పి వీధి దాటాడు. మొదటిరోజు శ్రుతి గురించి సందేహం. రెండోరోజు తాళం గురించి. మూడోరోజు సందేహమేదీ తట్టక, గొడుగు మరిచిపోయానన్నాడు.

"మీకు గొడుగే లేదు కదండీ," అంది నీలవేణి. "ఉంటే మొన్న అలగ తడిసేవోరా?"

"కొనుక్కుందామనుకుంటున్నాను."

"కొన్నాక మరిసిపోండి."

ఆ వారంలోనే అతనికి ఒక సంగతి తెలిసిపోయింది. ఈ అమ్మాయి పక్కన లేకుండా ఇక ఏ రికార్డూ వినాలని లేదు. జీవితమంతా ఆమెతో దెబ్బలాడుతూ పాటలు వినాలని ఉంది. కానీ ప్రూఫులు దిద్దేవాడు నరసన్నపేట రైతు ఇంటికి వెళ్లి పిల్లనివ్వమని ఎలా అడుగుతాడు? మద్రాసు ఉపసంపాదకుడైతే తల ఎత్తుకుని అడగొచ్చు. వ్యాసం పంపితే ఉద్యోగం వస్తుంది, దాంతో అడిగే ధైర్యమూ వస్తుంది. నిజం రాస్తే రెండూ పోతాయి.

శుక్రవారం వ్యాసం రాయడానికి కూర్చున్నాడు. 'విలంబకాలమనగా' అని మొదలుపెట్టాడు. ఆ పైన కలం సాగలేదు. చెవుల్లో ఆ నలుగురు కుర్రాళ్లూ పరిగెడుతూనే ఉన్నారు. కాగితం చింపేసి ఇంకొకటి తీశాడు. దాని మీద అరగంటలో రాసేశాడు.

నరసింగరావు గారు అది చదివి కళ్లజోడు తీశారు. "ఒరే, 'నేను విన్నది పాట కాదు, మా వీధి కరెంటు. ఆ జట్టు నెమ్మదిగా వాయించలేదు. నేనే తప్పుగా విని, లేని సిద్ధాంతం కట్టాను' అని అచ్చేసుకుంటావా? మద్రాసోళ్లకి మన పత్రిక అందుతాదిరా."

"అందాలనేనండి, దీని నకలు ఒకటి నేనే ముందుగా పోస్టు చేశాను."

"నీకు బుర్ర ఉన్నాదా?"

"ఉందండి. మొన్నటిదాకా తగినంత కరెంటు లేదు."

ఆయన దగ్గారు. దగ్గుతూనే ఆ ముక్క మొదటి పేజీకి ఇచ్చారు.

పది రోజులకి మద్రాసు నుంచి కార్డు వచ్చింది. మీ నిజాయితీ మెచ్చదగినది, ఉద్యోగం మాత్రం వేరొకరికి ఇచ్చాము, అంతే. అప్పలసూరి దాన్ని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు. బాధ కలగలేదంటే అబద్ధం. ఆ రోజు ప్రూఫుల్లో అరడజను తప్పులు వదిలేశాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సుభద్రమ్మ వీధిలోంచే కేకేసింది. "ఓ బాబూ, ఇలగ రా. మా అన్న వచ్చాడు. నీతో మాటాడతాడట."

వరండాలో నీలవేణి తండ్రి నారాయణమూర్తి కూర్చుని ఉన్నాడు. ఎండకి కాలిన మనిషి, చేతిలో 'కళింగకేక'. గుమ్మం పక్కన నీలవేణి నిలబడి ఉంది. ఆమె ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాడు.

"కూకో," అన్నాడు నారాయణమూర్తి. "ఎదురింట్లో మంచి కుర్రోడున్నాడు, మద్రాసులో ఉద్యోగం వస్తాది, మనమ్మాయి మీద మనసున్నాది అని నెల్లాళ్లు కాకుండానే మా సెల్లెలు రెండు ఉత్తరాలు రాసింది. ఆ ఉద్యోగం ఏటయింది?"

అప్పలసూరి కూర్చోలేదు. కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాడు. "పోయిందండి. నేనే పోగొట్టుకున్నాను. ఇప్పుడు నేను ప్రూఫులు దిద్దేవాడినే. రేపూ అదే. కానీ మనసు సంగతి మాత్రం మీ చెల్లెలుగారు రాసింది నిజమే. ఉద్యోగం వచ్చాక అడుగుదామనుకున్నాను. రాలేదు కాబట్టి ఇప్పుడే అడుగుతున్నాను. మీ అమ్మాయిని నాకివ్వండి."

సుభద్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నారాయణమూర్తి ఆ కార్డు చదివి పత్రిక మడతలో పెట్టాడు.

"ఒక్క మాట సెప్పు. ఈ తప్పు ఒప్పుకున్నావే, మా అమ్మాయి మెచ్చుకోవాలనా?"

అవునంటే సరిపోతుంది. అవునంటే ఆయన నవ్వుతాడని కూడా అప్పలసూరికి తెలుసు.

"కాదండి. ఆవిడ ఎవరికీ చెప్పనని ముందే మాటిచ్చింది. నేను ఆ పాడిన కుర్రాళ్ల కోసం రాశాను. వాళ్లు ప్రాణం పెట్టి పరిగెడితే నిద్రపోతున్నారని రాసినవాణ్ణి నేను. వాళ్లకి తెలుగు రాదు, ఈ ఊరెక్కడుందో తెలీదు, నా మీద ఫిర్యాదు చెయ్యలేరు. అందుకని నేనే రాశాను."

నారాయణమూర్తి కూతురి వైపు తిరిగాడు. "విన్నావా? నీ కోసం కాదంట."

"విన్నాను నాన్నా." నీలవేణి గుమ్మం వదిలి ముందుకొచ్చింది. "నా కోసమని సెప్పుంటే ఈపాటికి లోపలికెల్లి తలుపేసుకుందును."

"మరిప్పుడు ఏటంటావు?"

నీలవేణి అప్పలసూరి వైపు చూసింది.

"మంచిరోజు సూడమంటన్నాను," అంది.