నేదాకి మొదటి స్థానం

డిసెంబరు చివరి ఆదివారం. స్తోయాంకా వంటింట్లో పలుచని పిండి పొరల మధ్య గుడ్లసొన, చీజు కలిపి పరుస్తోంది. ఆదివారం పూట బానిత్సా కాల్చకపోతే ఆవిడకి వారం గడిచినట్టే ఉండదు. పక్కన కోడలు రాలిత్సా కాఫీ కాస్తోంది. దాన్యూబ్ నది మీంచి లేచిన పొగమంచు కిటికీని తెల్లగా కప్పేసింది.

బయటికెళ్లిన కొడుకు ప్లామెన్ బూట్లైనా విప్పకుండా నేరుగా వంటింట్లోకి వచ్చి, చేతిలోని పేపరు బల్లమీద పడేశాడు.

"ఇదేంటి రాలిత్సా?"

రాలిత్సా పేపరు వంక చూడలేదు. అందులో ఏముందో ఆమెకు తెలుసు. రాసింది తనే. ఆ పత్రికకు ఆమె చాలా ఏళ్లుగా సినిమా సమీక్షలు రాస్తోంది. దశాబ్దం ముగుస్తోందని, ఈ పదేళ్ల సినిమాల్లో పదింటిని ఏరి వరస కట్టి ఇచ్చింది. అందులో మొదటిది 'మంచురేవు'. ప్లామెన్ చెల్లెలు నేదా నటించిన చివరి సినిమా అది. ఫిబ్రవరి చలిలో ఆమెను దాన్యూబ్‌లోకి దించి ఒక సన్నివేశం తీశారు. ఆ వారంలోనే న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో చనిపోయింది. ఆ తర్వాత ఈ ఇంట్లో ఎవరూ ఆ సినిమా పేరు ఎత్తలేదు.

"తొమ్మిది సినిమాలు దొరికాయి కదా నీకు? పదోది దొరకలేదా?"

"అది పదోది కాదు, మొదటిది. నాకు అలాగే అనిపించింది, అలాగే రాశాను."

"మా చెల్లిని చంపిన సినిమా అది!"

"నీ చెల్లెలు నాకేమీ కాదా ప్లామెన్? కాలేజీలో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం. నిన్ను నాకు చూపించిందే తను. తను చేసినవాటిలో అంత గొప్ప పని ఇంకోటి లేదు. మన ఇంటిమనిషని తీసేస్తే, తను ఏమీ సాధించకుండా పోయినట్టే కదా?"

"సాధించిందెవరు? ఆ బోరిస్లావ్! దేశాలన్నీ తిరిగి బహుమతులు తెచ్చుకున్నాడు. ఇప్పుడు నువ్వొక దండ వేశావు."

రాలిత్సా ఏదో అనబోతుండగా ఫోను మోగింది. మెసేజి చూసి ఆమె ముఖం మాడింది. ప్లామెన్ ఫోను లాక్కుని పైకి చదివాడు. దర్శకుడు బోరిస్లావ్ పంపాడు. సినిమాని మళ్లీ థియేటర్లలో వేస్తున్నారట. ఆమె రాసిన వాక్యాన్నే పోస్టరు మీద వేసుకుంటాడట.

"ఏ వాక్యం?" అంది స్తోయాంకా.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆవిడ అక్కడే ఉందన్న సంగతే మరిచిపోయారు.

"ఎందుకులే అమ్మా..."

"చదవమంటున్నాను కదా!"

రాలిత్సా పేపరు అందుకుంది. పైకి చదివింది. "ఈ దశాబ్దంలో ఇంకే నటీ చేయలేని పని నేదా ఆ నీళ్లలో చేసింది. ఒడ్డు వైపు తిరిగి, శబ్దం లేకుండా పెదాలు కదుపుతుంది. అది ప్రార్థనో, వీడ్కోలో మనకు తెలియదు. కెమెరా కూడా ఆమెతో పాటే ఊపిరి తీసుకుంటున్నట్టు సన్నగా వణుకుతుంది."

స్తోయాంకా చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ సినిమా పెట్టు."

"అత్తయ్యా, వద్దు."

"ఇన్నేళ్లూ చూడలేక వదిలేశాను. ఊళ్లోవాళ్లంతా చూసొచ్చారు. నువ్వు మొదటి స్థానం ఇచ్చేటంత బాగా చేసిందంటున్నావు. నా కూతురు ఏం చేసిందో నేను చూడకూడదా?"

ప్లామెన్ కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. రాలిత్సా కంప్యూటరు తెచ్చి బల్లమీద పెట్టింది. పొయ్యిలోకి వెళ్లాల్సిన బానిత్సా అక్కడే ఉండిపోయింది.

నది సన్నివేశం వచ్చింది. పలుచటి తెల్ల గౌనులో నేదా నీళ్లలోకి నడిచింది. రొమ్ముల దాకా మునిగాక ఆగింది. ఒడ్డు వైపు తిరిగింది. వాయులీనం మోగుతోంది. పెదాలు కదిలాయి. బొటనవేళ్లను పిడికిళ్లలో దాచుకుని గుండెకు అదుముకుంది.

"ఆపు," అంది స్తోయాంకా. "వెనక్కి తిప్పు. ఆ మోత తీసెయ్."

రాలిత్సా శబ్దం తీసేసింది. నిశ్శబ్దంలో మళ్లీ ఆ ముఖం వచ్చింది. స్తోయాంకా తెర మీదికి వంగింది. కూతురి పెదాలతో పాటు తన పెదాలూ కదిలించింది.

"ఇది నటన కాదమ్మాయ్."

"అత్తయ్యా..."

"చిన్నప్పుడు రేవులో ఆడి ఆడి వొళ్లు కొయ్యబారితే, బొటనవేళ్లు ఇలాగే పిడికిళ్లలో దాచుకునేది. అరిచేది కాదు, రోషం. నన్నే చూసి చిన్నగా అనేది. చూడు, ఇప్పుడూ అదే అంటోంది. 'అమ్మా, చలి. తీయండి నన్ను.' ప్రార్థన కాదు, వీడ్కోలు కాదు. బయటికి తీయమంటోంది నా బిడ్డ."

కిటికీ దగ్గర ప్లామెన్ భుజాలు ఎగసిపడ్డాయి.

రాలిత్సా తెర వైపు చూసింది. ఆ దృశ్యం ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. తను చెప్పే సినిమా పాఠాల్లో విద్యార్థులకు చూపించింది. ప్రతిసారీ గొప్ప అని చెప్పింది. ఇప్పుడు 'అమ్మా' అన్న మాట పెదాల మీద స్పష్టంగా కనిపిస్తోంది. కెమెరా వణుకు ఊపిరి కాదని కూడా ఇప్పుడే తెలిసింది. పట్టుకున్నవాడి చేతులు వణికాయి. వాడికి అర్థమైంది. అయినా ఆపలేదు.

ఆమె ఫోను తీసి అక్కడే, అందరి ఎదుటే బోరిస్లావ్‌కి చేసింది.

"ఆ షాట్‌లో నేదా ఏమంది?"

"అభినందిద్దామని చేశావనుకున్నాను," అని నవ్వాడతను. "స్క్రిప్టులో మాటల్లేవు కదా."

"స్క్రిప్టులో లేవు. తను ఏమంది?"

"ఇంకొక్కసారి తీద్దామా అంటే తను సరేనని తల ఊపింది, రాలిత్సా. నేనేమీ బలవంతం చేయలేదు."

"అంటే, ఇది అయ్యాక మళ్లీ దింపారా?"

"వెలుతురు పోతోంది. నీకు తెలియనిదేముంది, సినిమా అంటే..."

"నా వాక్యం పోస్టరు మీద వేయకు," అని ఫోను పెట్టేసింది. నేలమీదే కూలబడి అత్తగారి ఒళ్లో తల పెట్టింది.

"చచ్చిపోతుంటే చూసి బాగుందన్నానత్తయ్యా. దాన్ని తెచ్చి మొదట పెట్టాను."

స్తోయాంకా చెయ్యి చాలాసేపు గాల్లోనే ఆగింది. తర్వాత మెల్లగా కోడలి జుట్టు మీద వాలింది.

"నేను మొదటి రోజే వెళ్లి చూసుంటే అప్పుడే చెప్పేదాన్ని. భయపడి తప్పుకున్నాను. అది పిలిచింది నన్ను. విన్నవాళ్లెవరూ లేకుండా పోయారు."

ప్లామెన్ వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. "తీసేయ్ దాన్ని," అన్నాడు. గొంతులో ఇందాకటి కోపం లేదు. "జాబితాలోంచి తీసేయ్, చాలు."

"తీస్తే నేదా అన్న మాట కూడా పోతుందిరా," అంది తల్లి. "సినిమా గురించి నాకు తెలియదు. ఏ అంకె వేసుకుంటారో వేసుకోండి. అది ఏమందో మాత్రం రాయి అమ్మాయ్. నీ పేరుతోనే రాయి."

మరుసటి ఆదివారం రాలిత్సా పేరు కింద చిన్న వ్యాసం వచ్చింది. తను ఇచ్చిన స్థానాన్ని తనే ఒప్పుకోవడం లేదని రాసింది. ఆ నీళ్లలో నటన లేదు, చలేస్తోందని తల్లికి చెప్పుకున్న మనిషి ఉంది, ఆ మాట మీద వాయులీనం మోగించారు, దానికి నేను చప్పట్లు కొట్టాను అని రాసింది. పోస్టర్లు ఎలాగూ వెలిశాయి. ఆమె వాక్యం లేదు, వేరెవరిదో ఉంది. కొందరు తిట్టారు, ఇంటి గొడవని పేపర్లోకి ఎక్కించిందన్నారు. ఒక పెద్ద విమర్శకుడు ఆమెకు కళంటే తెలియదన్నాడు. బోరిస్లావ్ జవాబు చెప్పలేదు.

వ్యాసం వచ్చిన రోజు మధ్యాహ్నం స్తోయాంకా కోడలి గది గుమ్మంలో నిలబడింది.

"అది చేసినవి ఇంకా ఉన్నాయా? నేను చూడనివి?"

రాలిత్సా వెతికి ఒక పాత హాస్యచిత్రం పట్టుకుంది. ఏ జాబితాలోనూ లేనిది, ఎవరూ గుర్తుపెట్టుకోనిది. నేదా అందులో రొట్టెల కొట్టు అమ్మాయి. కాసేపే కనిపిస్తుంది. మందపాటి స్వెటర్, మెడకు ఎర్ర మఫ్లర్, బుగ్గలకు పిండి. పొయ్యిలోంచి తీసిన రొట్టె వేడికి చేతులు మార్చుకుంటూ పకపకా నవ్వుతుంది.

ముగ్గురూ మంచం అంచున ఇరుక్కుని కూర్చుని చూశారు. దృశ్యం చివర రాలిత్సా బొమ్మను అలాగే ఆపింది. స్తోయాంకా తెర మీద వేలు పెట్టి, కూతురి స్వెటర్ చేతుల్ని మెల్లగా తడిమింది.

"ఇందులో వెచ్చగా ఉంది," అంది. "మళ్లీ పెట్టమ్మా."