ఆవిరి గది

వీధిలో అందరూ ఆమెని విల్లమ్మ అనే పిలిచేవారు. చెక్కతో విళ్ళు చేసే ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు మరి. పుట్టింట్లో తండ్రి దగ్గర నేర్చుకున్న పని అది. పెళ్ళయ్యాక అత్తింటి పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని, మొగుడి చెల్లెలు చిట్టిని తోడు పెట్టుకుని పదిహేనేళ్ళుగా అదే పనిలో ఉంది. చిట్టికి ముప్పై దాటాయి. నోరూ ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు. వదినా ఆడపడుచులు పొద్దస్తమానం ఒకరినొకరు ఏడిపించుకుంటూనే పని చేసుకునేవాళ్ళు.

ఆ రోజు విల్లమ్మ మొగుడు కలప చూడ్డానికి పొరుగూరు వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ షెడ్డు వెనకున్న ఆవిరి గది తెరిచారు.

అదేం పెద్ద గది కాదు. నాలుగడుగులు వేస్తే గోడ తగులుతుంది. కిటికీ లేదు, లోపలంతా రేకు తాపడం. కొత్తగా చెక్కిన విల్లు పాలిపోయినట్టు ఉంటుంది. దాన్ని ఆ గదిలో తీగకి వేలాడదీసి, కింద పళ్ళేల్లో అమ్మోనియా పోసి, తలుపు మూసి, సందులన్నిటికీ టేపు అతికిస్తారు. చెక్కలో ఉండే వగరుకి ఆ ఆవిరి తగిలితే చెక్క దానంతటదే నల్లబడుతుంది. రంగు పూసినట్టు పైపైన కాదు, లోపలికంటా. అందుకు రెండు రోజులు పడుతుంది. మధ్యలో రంగు చూసుకోవడానికి తలుపుకి ఛాతీ ఎత్తున బొటనవేలు పట్టేంత బెజ్జం, అందులో అదే చెక్కతో చేసిన పుల్ల. పుల్ల బయటికి లాగి చూస్తే లోపల విళ్ళు ఎంత నల్లబడ్డాయో తెలిసిపోతుంది.

విలువిద్య నేర్పే మాస్టారు పన్నెండు విళ్ళు అడిగాడు. పదకొండు చిక్కటి డికాక్షన్ రంగు తేలాయి. పన్నెండోది చేతిలోకి తీసుకుని చిట్టి ఆగిపోయింది. పిడికి కాస్త కింద పక్కపక్కనే నాలుగు తెల్లటి చారలు. తిప్పి చూస్తే వెనక ఇంకొకటి, పొట్టిగా, లావుగా.

"ఇవి వేళ్ళు కదూ వదినా?"

"టేపు ముక్క అంటుకుని ఉంటుంది."

"టేపుకి బొటనవేలు కూడా ఉంటుందేమిటి? వేలాడదీసేటప్పుడు నువ్వే జిడ్డు చేత్తో పట్టుకుని ఉంటావు. నీ శుభ్రం నాకు తెలీదా!"

"పట్టుకుని వదిలేస్తే గుర్తు పడదే. ఆవిరి తగలకుండా రెండు రోజులూ..."

విల్లమ్మ మిగతా మాట మింగేసింది. చెయ్యి తియ్యకుండా రెండు రోజులూ పట్టుకుని ఉంటే తప్ప చెక్క అంత తెల్లగా మిగలదు. ఆ చీకట్లో. ఆ ఆవిరిలో.

చిట్టి అటు తిరిగినప్పుడు తన వేళ్ళు ఆ చారల మీద ఆనించి చూసింది. సరిగ్గా సరిపోయాయి. నిప్పు తగిలినట్టు చెయ్యి లాగేసుకుంది. చిట్టికి ఆ సంగతి చెప్పలేదు.

"దీన్నొక్కదాన్నీ మళ్ళీ పెడదాం. మాస్టారు వచ్చేది ఎల్లుండి సాయంత్రం కదా" అంది.

మొహమంతా కప్పే మాస్కు ఇంట్లో ఒక్కటే ఉంది. అది తగిలించుకుని, ఏప్రన్ బిగించుకుని, విల్లూ సీసా పట్టుకుని లోపలికి వెళ్ళింది. ముందు పళ్ళేల్లో అమ్మోనియా పోసింది. గుమ్మం బయట టేపు చుట్ట పట్టుకుని నిలబడ్డ చిట్టి అప్పుడే దగ్గడం మొదలుపెట్టింది.

"తొందరగా రా వదినా! కళ్ళు కారిపోతున్నాయి."

"కారనీ. రోజూ నన్ను ఏడిపిస్తావుగా, ఇవాళ నీ వంతు."

విల్లమ్మ నవ్వుకుంటూ మునివేళ్ళ మీద లేచి విల్లుని తీగకి తగిలిస్తోంది. గోడ మీద వెలుగు సన్నబడింది. ఇంకా సన్నబడింది. పోయింది.

బయట గడియ పడిన చప్పుడు.

"చిట్టీ! వేళాకోళాలు తర్వాత. తియ్యి."

మాస్కులోంచి మాట బయటికి రాలేదు. గొంతు తన చెవుల్లోనే గుండ్రంగా తిరిగింది. చేతులు చాపుకుంటూ నాలుగడుగులు వేసి తలుపు మీద అరచేత్తో కొట్టింది. మందపాటి తలుపు. మూటని కొట్టినట్టు మెత్తటి చప్పుడు. అవతల టేపు చుట్టలోంచి ఊడుతున్న శబ్దం... చర్ర్... చర్ర్... పైన ఒక ముక్క. పక్కన ఒక ముక్క.

ఆ పళ్ళేల మధ్య ఆ మాస్కు పావుగంట పనిచేస్తుంది. అంతే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

రెండు పిడికిళ్ళతో బాదింది. బాదడం ఆపి, ఊపిరి బిగబట్టి, తలుపుకి చెవి ఆనించింది.

"లోపల ఏదో చప్పుడవుతోంది వదినా" అంటోంది చిట్టి.

వదినా అంటోంది. ఎవరిని?

"విల్లు ఊగుతోందిలే" అంది ఇంకో గొంతు. నెమ్మదిగా, నవ్వుతున్నట్టు. "కింద కూడా బాగా అతికించు. ఎల్లుండి దాకా తియ్యొద్దు."

అది తన గొంతు. చివరి మాట కాస్త సాగదీసి పలికే తన అలవాటుతో సహా.

విల్లమ్మ అరిచింది. మాస్కు అద్దం ఆవిరి పట్టి మసకబారింది. చీకట్లో మసకబారితే ఎంత, లేకపోతే ఎంత. ముక్కు చివర ఘాటు మొదలైంది. ముందు సన్నగా, సూది మొనలా. మాస్కు అంచుని రెండు చేతులతో మొహానికి అదుముకుంది.

అప్పుడు వెనక... కర్ర్ మంది.

ఆ శబ్దం ఆమెకి తన ఊపిరంత బాగా తెలుసు. కొత్త విల్లుని మొదటిసారి వంచేటప్పుడు చెక్క చేసే చప్పుడు అది. తీగకి వేలాడే విల్లు ఊరికే ఊగుతుంది తప్ప వంగదు. వంచాలంటే రెండు చేతులు కావాలి. బలం కావాలి.

కర్ర్... ఇంకొంచెం... ఇంకొంచెం...

వంచినవాళ్ళు వదల్లేదు. అలాగే పట్టుకున్నారు.

ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగినా కనబడేదేం లేదు. వీపు అంతా చెవులై వింటుంటే, తలుపు మీద చేతులతో తడుముకుంది. పైన లేదు... ఇంకా కింద... దొరికింది. పుల్ల కొస. బలమంతా పెట్టి వేలితో నెట్టింది. పుల్ల బయటికి పడింది.

చీకట్లోకి పుల్లంత వెలుగు వచ్చింది. వంగి మాస్కు అద్దాన్ని బెజ్జానికి ఆనించింది.

పెరటి ఎండ. టేపు పట్టుకున్న చిట్టి చెయ్యి. ఆ పక్కన ఒక ఏప్రన్. వార్నిష్ మరకలు. జేబు దగ్గర చిట్టి ఎర్రదారంతో వేసిన కుట్టు. విల్లమ్మ చెయ్యి దానంతటదే తన నడుం మీదికి వెళ్ళింది. తన ఏప్రన్ తన ఒంటి మీదే ఉంది. ఎర్రదారం కుట్టు వేలికి తగిలింది.

అవతల ఉన్న మనిషి వంగింది. కింద పడ్డ పుల్ల తీసింది. తాపీగా బెజ్జంలో పెట్టి నెట్టసాగింది. విల్లమ్మ వేలు అడ్డం పెట్టింది. పుల్ల ఆగలేదు. వేలిని వెనక్కి తోసుకుంటూ లోపలికి వచ్చేసింది.

వెలుగు పోయింది.

మాస్కులోకి ఘాటు కమ్ముకుంది. ఊపిరి పీలిస్తే గొంతులో నిప్పులు. తలుపు మొదట్లో కూలబడింది. వెనక కర్ర్ మనే చప్పుడు ఈసారి దగ్గరగా... మెడ పక్కన...

బయట చిట్టి తెగ దగ్గుతోంది. బెజ్జంలోంచి వెళ్ళిన ఆవిరి సూటిగా తగిలినట్టుంది.

"అబ్బ... వదినా, నీకు మండట్లేదా?"

జవాబు లేదు.

"వదినా?" చిట్టి గొంతు తగ్గింది. "మొహం మీదికే కొట్టింది కదా... కళ్ళు మూసుకో."

"రెప్ప వెయ్యి వదినా..."

ఆ తర్వాత ఏ మాటా వినబడలేదు. టేపు చింపుతున్న శబ్దం ఒక్కటే. గోళ్ళతో, పిచ్చిపట్టినట్టు.

తలుపు తెరుచుకుంది. విల్లమ్మ ఎండలోకి బోర్లా పడింది. చిట్టి ఆమె చంకల్లో చేతులు పెట్టి కుళాయి దాకా ఈడ్చుకెళ్ళింది. మాస్కు పీకేసి, ఆపకుండా నీళ్ళు కొట్టింది. పెరట్లో ఇంకెవరూ లేరు. ఆవిరి గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల పన్నెండో విల్లు తీగకి కదలకుండా వేలాడుతోంది.

విల్లమ్మ దగ్గుతూనే చిట్టి చెయ్యి పట్టుకుంది.

"ఎందుకేశావే తలుపు?"

చిట్టి పళ్ళు టకటకలాడుతున్నాయి. "నేను వెయ్యలేదు వదినా. నువ్వు బయటికొచ్చావు. మాస్కు తీసి చంకలో పెట్టుకున్నావు. గడియ నువ్వే వేశావు. నా కళ్ళముందే."

"మరి ఎందుకు తీశావు?"

"అంత ఘాటులో నిలబడి నావైపే చూస్తున్నావు. రెప్ప పడలేదు. ఒక్క చుక్క నీరు రాలేదు. మనిషైతే..." చిట్టి చేతుల్లో మొహం దాచుకుంది.

మర్నాడు విల్లమ్మ మొగుడు వచ్చి, సంగతి విని, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా సమ్మెట తీసుకున్నాడు. పొద్దుగూకేలోగా ఆ గది ఇటుకల కుప్ప అయింది. మాస్టారు పదకొండు విళ్ళే తీసుకెళ్ళాడు. పన్నెండోదాన్ని పొయ్యిలో పెట్టారు. అప్పట్నించీ విళ్ళకి రంగు కొని పూస్తున్నారు.

రోజులు గడిచాయి. చిట్టి మళ్ళీ మునుపటిలా నవ్వడం నేర్చుకుంది. కాకపోతే విల్లమ్మ పిలిస్తే వెంటనే పలకదు. దగ్గరికొచ్చి, మొహంలోకి చూసి, ఆమె రెప్ప వేశాక అప్పుడు "ఊఁ" అంటుంది. విల్లమ్మ తప్పు పట్టలేదు. అలా చూసినప్పుడల్లా ఒకటికి రెండుసార్లు రెప్ప వేసి చూపించేది.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం. నలుగురు చుట్టాలొస్తున్నారని వంటింట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఘాటైన పాయలు. చిట్టికి ధారలు కడుతున్నాయి. ముక్కు ఎగబీలుస్తూ, "ఇవి ఉల్లిపాయలు కావు వదినా, నా పాలిటి శత్రువులు" అంటోంది.

విల్లమ్మ కత్తి ఆగింది. పళ్ళెం సగం నిండింది. తను ఎప్పటినుంచో తరుగుతోంది. ఒక ముక్క తీసి, చిట్టి చూడకుండా, కంటికి దగ్గరగా పెట్టుకుంది. ఇంకా దగ్గరగా... కనుగుడ్డుకి చల్లగా తగిలేంత దగ్గరగా.

ఏమీ లేదు.

చిట్టి ముంజేత్తో మొహం తుడుచుకుని తలెత్తబోతోంది. విల్లమ్మ గబగబా ఏప్రన్ అంచు ఎత్తి, పొడిగా ఉన్న కళ్ళని గట్టిగా తుడుచుకుంది.

"అవునే, భలే మండుతున్నాయి" అంది.