వెనకాముందు కోటు

పొద్దున్నే టైలరు తాతయ్య పిల్లకోటు మెడపట్టీని ఆరోసారి ఇస్త్రీ చేస్తున్నాడు. మూడు వారాలు కూర్చుని కుట్టిన కోటు. లోపల దట్టంగా దూది, పైన ఎర్ర మఖమలు, ముందువైపు ఆరు గుండీలు. దానికి జోడీగా కారులో బిగించిన పిల్లసీటులో పరచడానికి మందపాటి మెత్త కూడా కుట్టాడు. ఏడాది నిండిన మనవరాలు ఈరోజే మొదటిసారి క్రెష్‌కి వెళ్తోంది. కోడలు మళ్లీ కళ్లజోళ్ల దుకాణంలో ఉద్యోగానికి చేరుతోంది. బయట చలి కొరికేస్తోంది.

మనవరాలిని ఇంట్లో అందరూ టముకు అంటారు. ఆ పేరు తాతయ్యే పెట్టాడు. ఆకలేసినా, నిద్రొచ్చినా, కాకి కనబడినా వీధంతటికీ తెలియాల్సిందే.

తాతయ్య వాకిట్లోకి వచ్చేసరికి కోడలు మెత్తని సీటులోంచి తీసి పక్కన పెట్టింది. పాప కోటు విప్పుతోంది.

"ఏంటమ్మా అది? చలిలో బిడ్డ కోటు విప్పుతావా?"

"కారులో ఈ కోటు వద్దు మామయ్యా. సీటుతో వచ్చిన పుస్తకంలో రాశారు. మందం బట్టల మీద పట్టీలు పెట్టకూడదట. విడిగా కుట్టిన మెత్తలూ వేయకూడదట."

తాతయ్య మొహం మాడిపోయింది. "నలభై ఏళ్లు కుట్టాను. మెత్తగా ఉంటే దెబ్బ తగలదని ఎవరికి తెలీదు? నా చేతి పని నచ్చలేదని చెప్పు, పోనీ!"

బామ్మ గడప మీద నుంచే అందుకుంది. "అసలు ఆ సీటెందుకే? నేనూ వస్తా, నా ఒళ్లో కూర్చుంటుంది. పాపం, కాళ్లు ముడుచుకుని వెనక్కి తిరిగి కూర్చోవాలా?"

"అత్తయ్యా, మొన్న మలుపులో బ్రేకు వేస్తే మీ ఒళ్లో కూరల సంచి ఎక్కడికెళ్లింది?"

"ముందుకెళ్లి అద్దానికి కొట్టుకుంది. టమాటాలన్నీ పచ్చడైపోయాయి."

"సంచే ఆగలేదు. ఇక ఇదెలా ఆగుతుంది? కాళ్లు ముడుచుకోవడం దీనికి ఆటే కదా. మెడ ఇంకా లేతది. వెనక్కి తిరిగి ఉంటే దెబ్బ తగిలినా తలనీ, మెడనీ, వీపునీ సీటే కాస్తుంది."

బామ్మ ఒప్పుకుంటూ తలూపింది. తాతయ్య మాత్రం కోటు లాక్కుని లోపలికి నడవబోయాడు. కొడుకు పొద్దుటి డ్యూటీకి వెళ్లిపోయాడు కాబట్టి మధ్యవర్తిత్వానికి ఎవరూ లేరు. మొదటి రోజే ఆలస్యమయ్యేలా ఉంది. కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఆయన్ని అలా చిన్నబుచ్చి వెళ్లడానికి మనసొప్పలేదు.

"మామయ్యా, ఒక్క నిమిషం. మీరే కొలవండి."

మెత్త మళ్లీ వేసింది. కోటు తొడిగి, టముకుని కూర్చోబెట్టి, పట్టీలు గట్టిగా బిగించింది. "వదులుగా ఉందా?"

తాతయ్య లాగి చూశాడు. "లేదు. సరిగ్గా ఉంది."

పాపని దించి, మెత్త తీసేసి, కోటు విప్పింది. పట్టీల పొడవు మార్చకుండా మళ్లీ కూర్చోబెట్టి వాటినే పెట్టింది. "ఇప్పుడు చూడండి. కారు గుద్దుకుంటే దూదంతా ఒక్కసారిగా అణిగిపోతుంది. పట్టీ మాత్రం అంతే ఉంటుంది."

తాతయ్య చెయ్యి పట్టీ కిందికి వెళ్లింది. వేళ్లు వెళ్లాయి, అరచెయ్యి వెళ్లింది, ఆ పైన పిడికిలి కూడా పట్టింది. ఆ చేతికి అవతల టముకు గుండె టకటకా కొట్టుకుంటోంది.

బామ్మ ఊరుకుంటుందా! "బ్యాంకు మేనేజరంతటి వాణ్ణి స్వెట్టరు విప్పిస్తే గాని కొలతలు తీసుకోలేదు మీరు. గజగజ వణికాడు పాపం. సొంత మనవరాలికి దూది మీద కొలత పెడతారా?"

తాతయ్య తెరిచిన కారు తలుపు దగ్గర కూలబడ్డాడు. "ఈ ఖాళీ నేనే కుట్టానమ్మా," అన్నాడు. "మూడు వారాలు కూర్చుని కుట్టాను."

"మీరు ప్రేమతో కుట్టారు మామయ్యా."

"ప్రేమైతే మాత్రం? ఫిట్టింగు తప్పింది కదా!" కళ్లు తుడుచుకుని లేచాడు. "ఊఁ, బిగించు."

పలచటి చొక్కా మీద పట్టీలు బిగిశాయి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో మడత పట్టబోయాడు. దొరకలేదు. మళ్లీ ప్రయత్నించాడు. వేళ్లు జారిపోయాయి.

"ఇదీ కొలతంటే!" అన్నాడు. మరుక్షణం గుర్తొచ్చింది. "మరి చలి?"

ఆయనే కోటు తీసుకుని గుండీలన్నీ విప్పాడు. బిగించిన పట్టీల పైనుంచి, ఎదురుగా, చేతులు రెండూ తొడిగాడు. కోటు ముందు భాగం వెనక్కి, వెనక భాగం ముందుకి వచ్చింది. "ఇప్పుడు పట్టీకీ పిల్లకీ మధ్య ఏమీ లేదుగా?"

"ఏమీ లేదు మామయ్యా. బ్రహ్మాండంగా ఉంది!" కోడలు నవ్వేసింది.

"కాలరు నలిగిన బట్ట కూడా కొట్టు దాటనివ్వని మనిషి!" బామ్మ ముక్కున వేలేసుకుంది.

మెత్త ఆయన కుట్టుమిషను కుర్చీ మీదికి చేరింది. వెనక్కి తిరిగి కూర్చున్న టముకుకి కారు వెనకద్దంలోంచి తాతయ్యే కనిపిస్తున్నాడు. కాళ్లు ముడుచుకుని వీధి ఏకమయ్యేలా కేక పెట్టింది. నలభై ఏళ్లలో మొదటిసారి ఆయన కుట్టిన కోటు వెనకాముందుగా ఊళ్లోకి వెళ్తుంటే, కారు మలుపు తిరిగేదాకా తాతయ్య గర్వంగా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.