షాపు అద్దాల వెనక గాజుపిట్ట

మొగుడూ పెళ్ళాల గొడవ ఎంతటిదైనా సరే, మధ్యలో నేను ఒక్కసారి దగ్గితే చల్లారిపోవాల్సిందే. అలా నిలబెట్టిన కాపురాలకు లెక్కే లేదు. ఇక మా ఇంటి సంగతి వినండి.

ఆరోజు పొద్దున్న కోడలు మా అబ్బాయి వెనకే తిరుగుతోంది. "ఏమండీ, అటకమీంచి ఆ పెట్టె దించిపెట్టండి. క్రిస్మస్ దగ్గరకొచ్చింది, దుమ్ము దులపాలి."

ఆ పెట్టె కోడలి ప్రాణం. క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే పాతకాలం గాజుబొమ్మలు అందులో ఉంటాయి. పాతసామాన్ల దుకాణాలన్నీ గాలించి తెచ్చి, కోడిగుడ్ల అట్టల్లో దూది పరిచి దాచుకుంది. వాటిల్లో ఓ గాజుపిట్ట మాత్రం వాళ్ళమ్మది, ఆవిడ ఇప్పుడు లేదు.

"ఆ గాజుపెంకుల కోసం ఇప్పుడు నిచ్చెనెక్కాలా? ఆదివారం చూద్దాంలే" అంటూ మావాడు చెప్పుల షాపులో డ్యూటీకి జారుకున్నాడు.

మధ్యాహ్నం నా చెప్పు తెగింది. "పదండి మామయ్యా, మీ అబ్బాయి షాపులోనే కొందాం" అంది కోడలు. తీరా వెళ్తే, షాపు అద్దాల వెనక ఓ చెట్టు. దాని నిండా కోడలి బొమ్మలు! ఆ పిల్ల మొహంలో నెత్తుటిచుక్క లేదు.

లోపల మావాడి చుట్టూ జనం, వాడు చెప్పుకుపోతున్నాడు. "మా అమ్మ దాచిన పిట్టండీ ఇది. తోకంతా గాజుదారం. తడిగుడ్డ తగిలిందా, రంగు లేచొస్తుంది. కుంచెతోనే తుడవాలి." కోడలి మాటలే, అక్షరం పొల్లుపోకుండా. మా ఆవిడ జన్మలో దాచినవి ఐస్‌క్రీమ్ డబ్బాలే!

"ఎవరి అమ్మండీ?" అంది కోడలు.

మావాడు తెల్లబోయాడు. "మెల్లగా... ఓనరున్నాడు. చెట్టు అలంకరించమన్నాడు. నువ్వు ఒప్పుకోవేమోనని, చెప్పకుండా నిన్ననే దించి తెచ్చేశా..."

"అడిగితే నేనే తెచ్చి కట్టేదాన్ని. ఇంట్లో గాజుపెంకులు, ఇక్కడికొస్తే మీ అమ్మ సొత్తా? నేను చెప్తుంటే ఆవలించేవారే! చివరికి మా అమ్మని కూడా మీ గొప్పకి వాడేసుకున్నారు."

అంటూనే ఓ బూటు తీసి విసిరింది. అది నా నెత్తిమీంచి వెళ్ళి, చెట్టు చుట్టూ తిరిగి, ఒక్క బొమ్మకీ తగలకుండా వెనక్కొచ్చి దాని అట్టపెట్టెలోనే పడింది. నేను దగ్గానా? అబ్బే! అరల వెనక నక్కి, ఊపిరి కూడా గట్టిగా తియ్యలేదు.

"నువ్వు వాటి గురించి చెప్తుంటే వినడం నాకిష్టమే. ఒప్పుకుంటే లోకువైపోతానని నామోషీ" అన్నాడు మావాడు తలొంచుకుని. తర్వాత జనం వైపు తిరిగాడు. "ఇవన్నీ మా ఆవిడవండీ. పిట్ట మా అత్తగారిది. ఇందాక నేను చెప్పింది అబద్ధం."

కోడలు కరగలేదు. స్టూలెక్కి, బల్బుకి ఆనుతున్న పిట్టని పై కొమ్మకి మార్చింది. "పండగ దాకా ఇవి ఇక్కడే ఉంటాయి. రోజూ నేనొచ్చి చెప్తాను. మీరు అందరి ముందూ నిలబడి వినాలి. ఆవలించకుండా."

"అలాగే" అన్నాడు. స్టూలు కదలకుండా రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు.

ఇందులో ఒక్కటి నా కల్పన. ఆ బూటు. కోడలు ఏదీ విసరలేదండీ. అంతమంది మధ్య, ఆ పిట్టనే చూస్తూ నిలబడి ఏడ్చింది. అది చెప్పడానికి నాకు నోరు రాలేదు.