తలకొరివి పెట్టినవాడే ఫారో

ఈజిప్టు పద్దెనిమిదో రాజవంశం కథ పూర్తి చేయకుండానే ప్రొఫెసర్ నాగభూషణం కన్నుమూశాడు.

సిడ్నీలో ఒక మ్యూజియం. ఆదివారం మధ్యాహ్నం ఉపన్యాసం. కెల్లీవిల్ నుంచీ, పెండిల్ హిల్ నుంచీ తెలుగువాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి ముందు వరుసల్లో కూర్చున్నారు. తెర మీద టుటన్‌ఖామున్ సమాధిలోని గోడ బొమ్మ. కుర్రరాజు శవం నిటారుగా నిలబడి ఉంది. దాని ఎదురుగా చిరుతపులి తోలు కప్పుకున్న ఓ ముసలాయన, శవం నోటికి ఏదో పనిముట్టు ఆనిస్తున్నాడు.

"ఈయన కొడుకు కాదు. ఆస్థానంలో పెద్దమనిషి. పేరు ఆయ్," అన్నాడు ప్రొఫెసర్. "కానీ రాజుకి అంత్యక్రియలు చేసినవాడే వారసుడు. అందుకే పనిగట్టుకుని గోడ మీద తన బొమ్మ వేయించుకున్నాడు. తర్వాత సింహాసనం కూడా ఎక్కాడు. మరి ఆ కుర్రాణ్ణి చంపిందెవరు అంటారా..."

ఫ్లాస్కులోని కాఫీ ఒక గుక్క తాగాడు. జవాబు మాత్రం చెప్పలేదు. మైకు స్టాండు పట్టుకుని అలాగే కిందికి జారిపోయాడు.

అందరికంటే ముందు పరిగెత్తినవాడు డాక్టర్ విజయభాస్కర్. ప్రొఫెసర్‌కి ప్రాణస్నేహితుడు, పేరున్న గుండె డాక్టరు. నాడి చూశాడు. గుండె ఆగిపోయిందన్నాడు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. హాలంతా ఆ కన్నీళ్లనే చూసింది. చివరి వరుసలో కూర్చున్న శ్రీకర్ ఫ్లాస్కు కోసం చూశాడు. అంబులెన్స్ వచ్చేసరికి అది బల్ల మీద లేదు.

కాన్‌బెర్రాలోని హారిసన్ పేటలో, ఇరుగుపొరుగు లెక్క ప్రకారం శ్రీకర్ ఏదో గవర్నమెంటు డిపార్ట్‌మెంట్‌లో ఐటీ మనిషి. ఎవరింట్లో వై-ఫై పాడైనా పిలిస్తే వస్తాడు, కాఫీ తాగి వెళ్తాడు. అసలు ఉద్యోగం వేరు. పరాయి దేశాల గూఢచారులను పట్టుకోవడం అతని పని.

మర్నాడు ఉదయం అతని బాస్ హెలెన్ తలుపు మూసి, బ్లైండ్స్ దించింది.

"గ్రేట్ హౌస్," అంటూ ఇద్దరికీ తెలిసిన ఫైలే మళ్లీ మొదటినుంచి అందుకుంది. "ఫారో అన్న మాటకి అర్థం అదే, పెద్ద ఇల్లు. ఓ పరాయి దేశం కోసం ఇక్కడ పనిచేసే ముఠా. మన పోర్టుల్లో ఉన్నారు, పవర్ గ్రిడ్‌లో ఉన్నారు. ఒకడి ముఖం ఇంకొకడికి తెలీదు. ఫారో ఒక్కడికే అందరూ తెలుసు. ఆ ఫారో నిన్న నీ కళ్లముందే పోయాడు."

"పోలేదు. చంపారు."

"రుజువు?"

"ఫ్లాస్కు."

"ఎక్కడుంది?"

"అంబులెన్స్ వచ్చేసరికి మాయమైంది."

"వారసుణ్ణి ఎలా ఎంచుకోవాలో ప్రొఫెసర్ బతికుండగానే రూల్ పెట్టాడు," అంది హెలెన్. "అంత్యక్రియలు ఎవరు చేస్తే వాడే కొత్త ఫారో. గురువారం దహనం. ఇండియాలో చుట్టాల కోసం లైవ్‌స్ట్రీమ్ ఉంటుంది కదా, ముఠా అంతా అదే చూస్తుంది. హాల్లో మాత్రం ఒకడుంటాడు. కోడ్ నేమ్ అనుబిస్."

"శవాల కాపలా దేవుడు. నక్క తల."

"ముఠా హంతకుడు. ఫారో మాట తప్ప ఇంకెవరి మాటా వినడు. తంతు అవగానే కొత్త ఫారో దగ్గరికొచ్చి ఒక కోడ్ చెబుతాడు. పడమటి గుమ్మం తెరిచే ఉంది, అని. ఈజిప్టువాళ్లకి పడమర చచ్చినవాళ్ల దిక్కట. ఫారో ఒక పేరు చెబుతాడు. ఆ మనిషి సాయంత్రం చూడడు."

"కొడుకు లేడు కాబట్టి, ముఠాలో ప్రొఫెసర్ కుడిభుజం ఆ డాక్టరే ముందుకొస్తాడు. అతను ఫారో అయితే చెప్పే మొదటి పేరు?"

"మన మనిషిది."

ఆ మనిషి వైశాలి. ప్రొఫెసర్ ఒక్కగానొక్క కూతురు.

పెండిల్ హిల్ టిఫిన్ సెంటర్‌లో మూలబల్ల దగ్గర వైశాలి అతని కోసం ఎదురుచూస్తోంది. మ్యూజియం ఉద్యోగినిగా నల్ల పట్టుచీరలో అక్కడి పార్టీల్లో తిరుగుతూ, రాయబారుల్ని నవ్విస్తూ, ఆ నవ్వు ఆగేలోగా వాళ్ల ఫోన్లు కాపీ చేయగల మనిషి. ఆ కాపీలు తండ్రికి ఇచ్చేది. ఏడాదిగా అవే శ్రీకర్‌కీ ఇస్తోంది. ఈ రోజు మేకప్ లేదు. కళ్లు వాచి ఉన్నాయి. ముందున్న దోసె ముట్టుకోలేదు.

"విజయభాస్కర్ అంకుల్ ఫోన్ చేశారు," అంది. "కొడుకు లేడు కదమ్మా, నేను చూసుకుంటా, యూ డోంట్ వర్రీ అన్నారు. నేను థాంక్స్ కూడా చెప్పాను, శ్రీకర్ గారూ. ఏడుస్తూ."

"మీ మీద ఆయనకి అనుమానం ఉందా?"

"నెల నుంచీ. నాన్న ఉన్నంతవరకూ నన్ను టచ్ చెయ్యలేకపోయారు. గురువారం తర్వాత ఫినిష్."

"ఇవాళే బయల్దేరండి. కొత్త పేరు, కొత్త ఊరు. ఏర్పాట్లు నేను చేస్తాను."

"అనుబిస్ ఎవరో తెలీకుండా ఎక్కడికెళ్లను? పార్సిల్ తెచ్చిన ప్రతివాణ్ణీ చూసి హడలిపోతూ బతకాలా? అదీ ఒక లైఫేనా?"

తండ్రి మీద నిఘా పెట్టమని ఈ అమ్మాయిని ఒప్పించింది శ్రీకరే. ఆమె చస్తే ఆ పాపం తన ఖాతాలోకే వస్తుందని అతనికి తెలుసు.

"అంత్యక్రియలకి కర్త ఎవరన్నది ఎవరు తేలుస్తారు?" అని అడిగాడు.

"పంతులుగారు అడుగుతారు. పెద్దవాళ్లు చెప్తారు. ఎందుకు?"

"కూతురు చేయకూడదా?"

"ఆంటీలు ఊరుకుంటారా! అంకుల్‌కి అసలు ఆ థాటే రాదు."

"ఈజిప్టులో ఆడవాళ్లెవరూ ఫారోలు కాలేదా?"

వైశాలి తల ఎత్తింది. "హత్షెప్సుట్. టుట్మోస్ రాజు కూతురు. పెట్టుడు గడ్డం పెట్టుకుని మరీ ఏలింది. పోయాక ఆమె పేరు గోడల మీంచి చెరిపేశారు."

"చెరిపేసినా మీకు తెలిసింది కదా."

వైశాలి దోసె ముక్క తుంచింది.

"పంతులుగారు ఒప్పుకోవద్దూ?"

"ఒప్పుకుంటాడు. ఆ పంతులు నాకు బాగా తెలుసు," అన్నాడు శ్రీకర్. "అనుబిస్ వచ్చి కోడ్ చెప్పగానే మీరు చెంగు సవరించుకోండి. నోరు మాత్రం విప్పొద్దు. మిగతాది మేం చూసుకుంటాం."

గురువారం పొద్దున క్రిమటోరియంలోకి నెరిసిన గడ్డంతో, పిలకతో, అడ్డంగా పెట్టిన విభూతితో ఒక కొత్త పురోహితుడు అడుగుపెట్టాడు. అతని రుద్రాక్షలో మైకు, చెవిలో ఇయర్‌ఫోన్. బయట వ్యాన్‌లో హెలెన్ పక్కన కాన్‌బెర్రా నుంచి తెచ్చిన అసలు పురోహితుడు కూర్చుని మంత్రాలు అందిస్తున్నాడు.

"స్వరం తప్పావు నాయనా," అంటున్నాడాయన చెవిలో.

శ్రీకర్‌కి స్వరం మీద ధ్యాస లేదు. హాలంతా కళ్లతో గాలిస్తున్నాడు. పూలు సర్దుతున్న మనిషి. శవపేటిక తెచ్చిన వ్యాన్ డ్రైవర్. పడమటి తలుపు దగ్గర ఊరికే నిలబడ్డ బూడిదరంగు సూటువాడు. వీడేనా? లైవ్‌స్ట్రీమ్ కెమెరా నడిపే సుబ్బు ట్రైపాడ్ బిగిస్తూ, "పంతులుగారూ, ఒకడుగు అటు జరగండి, ఫ్రేమ్‌లో అడ్డొస్తున్నారు," అన్నాడు. పశ్చిమ సిడ్నీలో సగం గృహప్రవేశాలూ, ఓణీ ఫంక్షన్లూ తీసింది సుబ్బూనే. శ్రీకర్ జరిగి మళ్లీ సూటువాణ్ణి చూశాడు.

శవపేటిక మూత తీసి ఉంది. శ్రీకర్ గొంతు సవరించుకున్నాడు.

"కర్త ఎవరండీ?"

తడి తలతో, పంచెతో, భుజాన కండువాతో విజయభాస్కర్ ముందుకొచ్చాడు.

"తమరు వారికేమవుతారు?"

"స్నేహితుణ్ణి. సొంత తమ్ముడిలాంటివాణ్ణి."

"కడుపున పుట్టిన బిడ్డ ఎదురుగా ఉండగా తమ్ముడిలాంటివాడెందుకు? రా అమ్మా."

హాల్లో గుసగుసలు లేచాయి. ముందు వరుసలో ఓ పెద్దావిడ, "ఆడపిల్ల కదండీ పంతులుగారూ!" అంది గట్టిగా.

"బిడ్డ బిడ్డే. శాస్త్రం సంగతి నాకొదిలేయండి."

వైశాలి లేచింది. డాక్టర్ ఆమె భుజం మీద చేయి వేసి, ఓదారుస్తున్నట్టు చెవి దగ్గరికి వంగాడు. ఆ మాటలు ఆమెకీ, పక్కనే ఉన్న పురోహితుడికీ తప్ప ఎవరికీ వినబడలేదు.

"డోంట్ బీ సిల్లీ. నువ్వు చేసే పని మీ నాన్నకి నేనే చెప్పాను. నిన్ను అప్పగించమన్నాను. నా కూతురి జోలికొస్తే ఊరుకోనన్నాడు. అందుకే ఆ కాఫీ తాగాల్సొచ్చింది. పక్కకి తప్పుకో."

ఆమె డాక్టర్ చేతిని భుజం మీంచి తీసేసింది. తండ్రికి తెలుసు. తెలిసి కూడా రోజూ తనతో కలిసి భోంచేశాడు, కొత్త సమాధుల కబుర్లు చెప్పాడు, గుడ్‌నైట్ అన్నాడు. వైశాలి గుప్పెడు బియ్యం తీసుకుని తండ్రి నోట్లో వేసింది. సగం గింజలు ఆయన చొక్కా మీద పడ్డాయి.

ఇక మిగిలింది తలకొరివి. ఈ దేశంలో తలకొరివి అంటే గోడకున్న ఒక బటన్ నొక్కడం. నొక్కితే పేటిక లోపలికి వెళ్తుంది, మంట రాజుకుంటుంది. కెమెరా అటు తిరిగింది. విజయభాస్కర్ ఆగలేదు. జనాన్ని తోసుకుని వచ్చి బటన్ మీదికి చేయి చాచాడు.

"పవిత్రం లేకుండా ముట్టకూడదు బాబూ," అంటూ శ్రీకర్ ఆ మణికట్టు అందుకున్నాడు. దర్భ ఉంగరం తొడుగుతున్నట్టే కనిపించింది చూసేవాళ్లకి. నరం మీద బొటనవేలు దిగేసరికి డాక్టర్ చేయి చచ్చుబడి పక్కకి వేలాడింది.

వైశాలి బటన్ నొక్కింది.

పేటిక కదిలింది. తెర మూసుకుంది. జనం లేచి, డాక్టర్ చుట్టూ చేరి పరామర్శిస్తున్నారు. సూటువాడు పడమటి తలుపు తెరుచుకుని, సిగరెట్ వెలిగించుకుని వెళ్లిపోయాడు. శ్రీకర్ మళ్లీ హాలంతా కలియజూశాడు. వీడు కాకపోతే ఎవడు?

"మేడమ్," అన్నాడు సుబ్బు వైర్లు చుట్టుకుంటూ. "స్ట్రీమ్ ఆపేశాను. పడమటి గుమ్మం తెరిచే ఉంది. ఎవరు?"

వీడి ప్లేట్లో లడ్డూలు వేసిన ఇళ్లెన్నో. వీడి ముందు నవ్విన పిల్లలెందరో. చెంగు సవరించుకో అని శ్రీకర్ మనసులోనే అరిచాడు.

వైశాలి చెంగు ముట్టుకోలేదు.

"విజయభాస్కర్," అంది, స్పష్టంగా.

సుబ్బు తలాడించి ట్రైపాడ్ హ్యాండిల్ మర తిప్పాడు. లోపలినుంచి సన్నటి సూది వచ్చింది. దాన్ని అరచేతిలో దాచుకుని జనంలోకి నడిచాడు. శ్రీకర్ వెనకే కదిలాడు. ఇంతలో ఎవరో పెద్దాయన అతని కండువా పట్టుకున్నాడు.

"పంతులుగారూ, పదోరోజు ఎప్పుడొచ్చింది? వర్కింగ్ డే అయితే లీవ్ పెట్టాలి."

"తర్వాత చెప్తాను..."

"శనివారానికి మార్చుకోవచ్చా?"

కండువా ఆయన చేతిలోనే వదిలేసి శ్రీకర్ దూకాడు. సూది డాక్టర్ భుజాన ఉన్న కండువాలో దిగింది, చర్మానికి ఇంకా తగల్లేదు. అతను సుబ్బు మోచేయి వెనక్కి విరిచాడు. సూది నేల మీద పడింది. పూలు సర్దుతున్న మనిషీ, వ్యాన్ డ్రైవరూ, ఇద్దరూ శ్రీకర్‌కి కూడా చెప్పకుండా హెలెన్ పెట్టినవాళ్లే, వచ్చి చెరోవైపు పట్టుకున్నారు.

"డాక్టర్‌గారికి కళ్లు తిరిగాయి. గాలి రానివ్వండి," అంటూ డాక్టర్‌నీ, సుబ్బునీ పక్కగదిలోకి నడిపించారు. రుద్రాక్షలో రికార్డయిన తన గొంతు వినిపించేసరికి డాక్టర్‌కి నిజంగానే కళ్లు తిరిగాయి.

కార్ పార్క్‌లో వైశాలి ఒంటరిగా నిలబడి ఉంది. శ్రీకర్ గడ్డం పీకేసి పక్కకి వెళ్లాడు.

"చెంగు మర్చిపోయారు."

"మర్చిపోలేదు."

ఇద్దరూ చిమ్నీ వైపు చూశారు. పొగ కూడా సరిగ్గా కనబడటం లేదు.

"ఆయన నన్ను కాపాడాడు. నేను ఆయన్ని ఏడాదిపాటు అమ్మాను," అంది. అప్పుడు ఏడ్చింది, పెద్దగా, సిగ్గు లేకుండా. ఓదార్చే హక్కు తనకి లేదని శ్రీకర్‌కి తెలుసు. అయినా కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

ఆమె బ్యాగులో ఉన్న తండ్రి ఫోన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది. తెలియని నంబర్ల నుంచి ఒకదాని వెంట ఒకటి మెసేజ్‌లు. అన్నిట్లోనూ ఒకటే మాట. ఆజ్ఞ ఏమిటి?

"ఆమెని ఫారోగానే ఉంచు," అంది హెలెన్, శ్రీకర్ చెవిలోని ఇయర్‌ఫోన్‌లో. "వాళ్లంతట వాళ్లే వచ్చి తల వంచుతారు. ఒక్కొక్కణ్ణీ ఏరుకుందాం."

శ్రీకర్ ఆ మాటే చెప్పాడు. వైశాలి కళ్లు తుడుచుకుంది.

"ఎన్నాళ్లు?"

"చివరివాడు దొరికేదాకా."

"సోమవారం మ్యూజియంలో డ్యూటీ ఉంది నాకు. లీవ్‌కి రీజన్ ఏం రాయను?"

శ్రీకర్ పిలక పీకి జేబులో పెట్టుకున్నాడు.

"ఫ్యామిలీ బిజినెస్ అని రాయండి."